ఆహారశృంఖలలో పైమెట్టు

అనంతామాత్యుడు భోజరాజీయములో చెప్పిన గోవ్యాఘ్ర సంవాదము నెరుగని తెలుగువాడు అరుదు. ఆకలిగొన్న పులికి చిక్కిన గోవు, ఇంటికడ తనకై యెదురుచూచు దూడకు కడుపునిండ చన్నిచ్చి తిరిగి వత్తునని యొట్టుపెట్టుకొని పోవుటయు, ఆడినమాట తప్పక మరలివచ్చుటయు, ఆ సత్యనిష్ఠకు పులి గుండె కరగుటయు మన తల్లులు తరతరములుగా బిడ్డలకు చెప్పుచు వచ్చిన కథ. సత్యవాక్కు మహిమను చాటుట కవి యుద్దేశము. ఆ యుద్దేశము చక్కగా నెరవేరినది. కాని ఆ కథ విని పెరిగిన మనలో, మనకు తెలియకయే, మరియొక భావము నాటుకొనిపోయినది: గడ్డి మేయునది సాధువనియు, మాంసము తినునది పాపి యనియు. పులి, తోడేలు, పాము, గద్ద, రాబందు వంటివి లేకపోయినచో లోకము మరింత సుఖముగా నుండునని మనస్సులో ఏదో యొక మూల మనము నమ్ముచునే యున్నాము. ఈ నమ్మకము ఎంత పొరపాటో, దానివలన మన దేశము ఈ ముప్పదేండ్లలో ఎంత నష్టపడినదో చెప్పుటకే ఈ వ్యాసము.

ఒక జీవి మరియొక జీవికి ఆహారమగుట మన పూర్వులు గమనింపని విషయము కాదు. భాగవతము ప్రథమస్కంధమున నారదుడు ధర్మరాజును ఓదార్చుచు, చేతులు లేనివి చేతులు గలవానికిని, పాదములు లేనివి నాలుగు పాదములు గలవానికిని, చిన్నవి పెద్దవానికిని జీవనాధారములని చెప్పినాడు. ఆ మాటలో ద్వేషము లేదు, దోషారోపణము లేదు; లోకము నడచు తీరును నిదానించి చూచి చెప్పిన మాట యది. ఆధునికశాస్త్రము ఆ చూపునకు లెక్కలు చేర్చినది. ఆ లెక్కలు మాత్రము మన యూహ కందని సంగతులను పెక్కింటిని బయటపెట్టినవి.

మొదట పులి దేహమును చూతము. దాని కోరలు ఎర కంఠమును పట్టి ఊపిరి సలుపనీయకుండుటకును, దవడ వెనుకనున్న పండ్లు ఒకదాని ప్రక్కగా మరియొకటి ఒరసికొనుచు మాంసమును తునియలుగా కోయుటకును ఏర్పడినవి. ఆవు దవడ ప్రక్కలకు కదలి గడ్డిని నూరగలదు. పులి దవడకు క్రిందుమీదుల కదలికయే ముఖ్యము, నూరుట దానికి చేతగాదు. ఆవు కడుపున నాలుగు అరలు గలవు. వానిలో అసంఖ్యాకములైన సూక్ష్మజీవులు కాపురముండి, ఆవు తనంతట తాను జీర్ణించుకొనలేని పీచును పులియజేసి దానికి ఆహారముగా మార్చిపెట్టును. పులి కడుపునకు అర యొక్కటే, ప్రేవులు పొట్టివి. మోపెడు పచ్చగడ్డి పెట్టినను అది దానికి ఒంటబట్టదు. ఇంతకంటె లోతైన కట్టుబాటు మరియొకటి యున్నది. టారిన్ అను పదార్థమును మన దేహము తనంతట తాను తయారుచేసికొనగలదు. పిల్లిజాతి జంతువులు తమకు చాలినంత చేసికొనజాలవు. అది వానికి మాంసమునుండియే రావలెను. రానిచో కంటిచూపు మందగించును, గుండె బలహీనపడును. ఆకుకూరలలోను పండ్లలోను ఉండు కెరోటిన్ నుండి 'ఏ' విటమినును చేసికొను శక్తియు వానికి లేదు. తీపిని గుర్తించు జన్యువు పిల్లిజాతియందు పనిచేయని స్థితిలో నున్నదని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పులి నాలుకకు మామిడిపండు తీపి తెలియదు. ఇట్టి దేహముతో పుట్టిన ప్రాణి మాంసము తినుటలో పాపపుణ్యముల ప్రసక్తి యెక్కడిది?

మాంసాహారులనగానే మనకు కోరలు, వాడిగోళ్లు తలపునకు వచ్చును గాని, ఆ వర్గము మనమనుకొనుదానికంటె చాల పెద్దది. ఎలుగుబంటి శాస్త్రజ్ఞుల వర్గీకరణములో పులికిని కుక్కకును చుట్టమే. అయినను నల్లమలలోని ఎలుగు చెదపుట్టలను గోళ్లతో పెల్లగించి, తన పై పలువరుస నడుమనున్న సందుగుండ చెదపురుగులను పీల్చుకొని తినును, వేసవిలో రాలిన ఇప్పపువ్వును ఏరుకొనును, తేనెపట్టు కనబడిన చెట్టెక్కును. మరియొక ప్రక్క, దసరానాడు దర్శనమునకై ఊరిబయట మనము వెదకు పాలపిట్ట, శుభశకునమని మ్రొక్కుకొను ఆ నీలిరెక్కల పక్షి, నికరమైన మాంసాహారి; మిడుతలు, పేడపురుగులు, చిన్న తొండలు, కప్పలు దాని భోజనము. తూనీగ గాలిలో దోమలను పట్టి తినును. దాని పిల్ల నీటిలో దోమపిల్లలను తినును. సాలెపురుగు, కప్ప, బల్లి, కొంగ, లకుముకిపిట్ట మొదలైనవానిని ఎవరును క్రూరజంతువు లనరు. వీని వృత్తియు పులి వృత్తియు ఒక్కటే. భేదమెల్ల ఎర పరిమాణమందే.

ఈ తినుటను, తినబడుటను ఒక వరుసగా పేర్చి శాస్త్రముగా నిలిపిన ఖ్యాతి చార్లెస్ ఎల్టన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞునిది. ఆయన ఆక్స్‌ఫర్డులో విద్యార్థిగా నున్నప్పుడే, 1921లో, ఉత్తరధ్రువమునకు చేరువనున్న స్పిట్స్‌బర్గెన్ దీవులకు పోయెను. మన యడవులలో వేలకొలది జాతులు పెనవేసికొని యుండుటచే ఎవరి యాహార మెవరో తేల్చుట కష్టము. ఆ మంచుదీవులలో జాతులు కొలదిగా నుండుటచే ఆ సంబంధములు కంటికి స్పష్టముగా కనబడినవి. అచ్చటి నక్క వేసవిలో పక్షులను తినును. ఆ పక్షులలో కొన్ని మొక్కలను, కొన్ని పురుగులను తినును. శీతకాలమున పక్షులు పెక్కు వలసపోగా, అదే నక్క సముద్రపు మంచుమీద ధ్రువపుటెలుగు వెంబడి తిరుగుచు, అది తిని విడిచిన సీలు మాంసముతో ప్రాణము నిలుపుకొనును. 1927లో వెలువడిన తన గ్రంథములో ఎల్టన్ ఆహారశృంఖలను గూర్చి వివరించి, దానితోపాటు మరియొక విశేషమును చూపెను. వేటాడు జంతువుల వరుసలో పైకి పోయిన కొలది సాధారణముగా దేహము పెద్దదగును, సంఖ్య చిన్నదగును. పురుగులు లెక్కకు మిక్కిలి. వానిని తిను పిట్టలు వందలు. ఆ పిట్టలను తిను డేగ ఒకటియో రెండో. ఇట్లేల?

దీనికి సమాధానము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున సీడర్ బాగ్ అను ఒక చిన్న చెరువునుండి వచ్చినది. రేమండ్ లిండెమన్ అను యువకుడు భార్య తోడ్పాటుతో ఆ చెరువులోని నాచును, నీటిమొక్కలను, జలజీవులను ఏండ్ల తరబడి సేకరించి, తూచి, సూర్యునినుండి మొక్కలు గ్రహించిన శక్తిలో ఒక్కొక్క మెట్టునకు ఎంత చేరుచున్నదో గణించెను. ఆ లెక్కలతో అతడు పంపిన వ్యాసమును ఒక శాస్త్రపత్రిక పరీక్షకులు మొదట త్రోసిపుచ్చిరి. సిద్ధాంత మెక్కువయై ఆధారము తక్కువయైనదని వారి యభిప్రాయము. హచిన్సన్ అను ఆచార్యుడు పట్టుబట్టి వాదించిన మీదట 1942లో అది అచ్చయినది. కాని అంతకు కొన్ని నెలల ముందే, ఇరువదియేడవ యేట, లిండెమన్ వ్యాధిచే మరణించెను. ఆ వ్యాసమును అచ్చులో చూచుకొను భాగ్యము అతనికి లేకపోయినది గాని, జీవావరణశాస్త్రము నేటికిని అతడు వేసిన పునాదిమీదనే నిలిచియున్నది.

అతడు చూపిన సంగతి యిది. మొక్క గ్రహించిన శక్తిలో అధికభాగము అది బ్రతుకుటకే వ్యయమగును. మిగిలినదానిలో కొంతయే మేయు జంతువు నోటికి అందును. అందినదానిలో చాలవరకు ఆ జంతువు నడుచుటకు, పరుగెత్తుటకు, ఒంటివేడిని కాపాడుకొనుటకు ఖర్చగును. పేడరూపమున కొంత పోవును. తుదకు ఒక మెట్టునుండి పైమెట్టునకు చేరునది స్థూలముగా పదియవ వంతు. ఒక్కొక్కచోట ఇది ఇరువదియవ వంతునకు దిగవచ్చును, ఐదవ వంతునకు ఎక్కవచ్చును. పదియవ వంతు సగటులెక్క. ఆనకట్ట కడ కాలువనిండ పారిన నీరు, తూము తూమునకు విడిపోయి, ఇంకిపోయి, ఆవిరియై, కాలువ చివరి భూములకు చేరునప్పటికి సన్నని ధారయగుట మన డెల్టా రైతు లెరిగినదే. ఆహారశృంఖలలో పులి అట్టి చివరి భూమి రైతు. క్రింది మెట్లలో చిన్న కొరత పడినను ముందుగా ఎండునది దాని మడియే.

ఈ లెక్కను అడవికి అన్వయించి చూచినచో సంగతి మరింత తేటపడును. కర్ణాటకములోని నాగరహొళె అడవులలో దశాబ్దముల తరబడి పులులను పరిశీలించిన ఉల్లాస్ కారంత్ అంచనా ప్రకారము, ఒక పులికి సంవత్సరమునకు దుప్పివంటి జంతువులు సుమారు ఏబది కావలెను. దుప్పుల మంద తరిగిపోకుండవలెననిన, అందులో పదియవ వంతును మించి ఏటేట పులిపాలు కారాదు. అనగా ఒక్క పులి నిలుకడగా బ్రతుకవలెననిన దాని సంచారభూమిలో ఐదువందల జంతువులు మేయుచుండవలెను. పిల్లలు గల ఆడుపులికి ఇంకను ఎక్కువ కావలసియుండును. ఆ ఐదువందలకు గడ్డి కావలెను, నీరు కావలెను, ఎండవేళ నీడ కావలెను. పులిని కాపాడుటయనగా పులిని కాపాడుట యొక్కటే కాదనుట ఇందుకే. 1973లో పులుల సంరక్షణ ప్రణాళిక ఆరంభమైనది మొదలు తుపాకీవేట తగ్గినను, కొన్ని యడవులలో పులులు కోలుకొనలేకపోవుటకు ముఖ్యకారణము ఎర లేకపోవుటయే. దేశమంతటను 2006లో 1,411 అని తేలిన పులుల సంఖ్య 2022 నాటి అంచనాలో 3,682కు పెరిగినదనిన, దుప్పులును కణితులును పెరిగిన యడవులలోనే అది సాధ్యమైనది.

మన తెలుగుసీమలో ఈ విషయమును చదువుకొనదగిన గొప్ప గ్రంథము నల్లమల. కృష్ణానది కొండలను కోసికొని పారు ఆ యడవి 1983లో పులుల సంరక్షణ కేంద్రమైనది. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు ఉత్తరపు భాగము అమ్రాబాదు పేరున తెలంగాణమునకును, దక్షిణపు భాగము నాగార్జునసాగర్ శ్రీశైలము పేరున ఆంధ్రప్రదేశమునకును చెందినది. పులికి మాత్రము ఆ సరిహద్దు తెలియదు. నల్లమద్ది, ఏగిస, తునికి, వెదురు పెరుగు ఆ పొడియడవిలో, వేసవి వచ్చునప్పటికి ఆకురాలి, గడ్డి యెండి, నీరు కుంటలలోను చెలమలలోను మాత్రమే మిగులును. దుప్పులు ఆ నీటికడకు రాక తప్పదు; పులి ఆ నీటికడ కాచియుండక తప్పదు. అయినను ఎదురుచూచిన ప్రతిసారి దానికి ఎర దొరకునని తలపరాదు. పది ఇరువది ప్రయత్నములలో ఒకటి ఫలించిన గొప్ప. చెట్లమీది కొండముచ్చు ముందుగా పులిని చూచి కేకవేయును; క్రింద మేయు దుప్పులు ఆ కేకను గుర్తెరిగి చెవులు నిక్కబొడుచుకొనును. కొండముచ్చులు త్రెంచి పడవైచిన ఆకులును కాయలును దుప్పులకు ఆహారము, వాని కేక రక్ష. ఆ చెలిమి అడవిలో చూడదగిన వింతలలో ఒకటి. ఈ కేకలను విని పులి ఏ దిక్కున నున్నదో చెప్పగల నేర్పు చెంచులది. తరములుగా పులులతో ఒకే యడవిలో బ్రతికిన ఆ జనులనే అటవీశాఖ పులుల జాడ తీయుటకు, అడవి కాపలాకు నియోగించుకొనుట మెచ్చదగిన పని.

పులి యొక్కటే యుండిన నల్లమల నల్లమల గాదు. అచ్చటి మాంసాహారులు ఒకే యడవిని పంచుకొను విధము మిక్కిలి చక్కనిది. పులి బలిసిన కణితిని, అడవిపందిని, మనుబోతును కోరును. దొరికిననాడు ఒక్క రాత్రిలో ఇరువది ముప్పది కిలోల మాంసము తిని, మిగిలినదానిని పొదలో దాచి, ముగిసిపోవువరకు మరలమరల వచ్చును. చిరుత అంత పెద్ద ఎరకు పోదు. దుప్పిపిల్ల, కొండగొర్రె, కొండముచ్చు, కుందేలు, తుదకు నెమలియైనను దానికి సరిపోవును. చంపినదానిని పులికంట బడకుండ చెట్టుకొమ్మమీదికి ఈడ్చుకొనిపోవును. రేచుకుక్కలు పగటివేళ మందగా వేటాడును, ఈలవంటి కూతతో ఒకదానినొకటి పిలుచుకొనును, ఎర పడినంతనే కూనలను ముందు తిననిచ్చును. వేళలు వేరు, ఎరలు వేరు, విధానములు వేరగుటచేత మూడును ఒకే కొండకోనలో ఒదిగి బ్రతుకుచున్నవి. వీని క్రింద నక్క, జంగుపిల్లి, పునుగుపిల్లి, ముంగిస, ఉడుము. ఆకసమున గద్దలు, చీకటిలో గుడ్లగూబలు. చీమలను చెదలను మాత్రమే తిని, పండ్లు లేని నోటితో జీవించు అలుగు. కొండచిలువ సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. పులి తినిన దానిలో అధికభాగము ఒంటివేడికే ఖర్చగునంటిమి గదా. పామునకు ఆ ఖర్చు లేదు, ఎండయే దానికి వేడిమి. కాబట్టి ఒక పెద్ద ఎరను మ్రింగిన కొండచిలువ నెలల తరబడి ఆహారము లేక యుండగలదు, అంతే ఆహారముపై పిల్లులకంటె పాములు ఎక్కువ సంఖ్యలో బ్రతుకగలవు.

ఇంతవరకు చెప్పినది, క్రిందివారు పైవారిని పోషించుట. పైవారు క్రిందివారికి చేయు మేలు ఇంకొక కథ. అది మనకు ఆలస్యముగా తెలిసినది. 1963లో రాబర్ట్ పెయిన్ అను శాస్త్రజ్ఞుడు అమెరికా పడమటి తీరమున, వాషింగ్టన్ రాష్ట్రపు రాతిగట్టులపై, ఒక చిన్న ప్రయోగము మొదలిడెను. అచ్చటి రాళ్లపై ఆల్చిప్పలు, నత్తలు, నాచులు పలువిధములుగా పెరుగుచుండెను. వానిలో ఆల్చిప్పలను, నత్తలను తినునది ఊదారంగు నక్షత్రచేప. పెయిన్ ఒక తావున కనబడిన నక్షత్రచేపనెల్ల ఊడబెరికి సముద్రములోనికి విసరివేయుచు, ప్రక్కతావున వానిని అట్లే విడిచిపెట్టెను. తినువాడు పోయెను గావున తినబడువారందరును వర్ధిల్లుదురని ఎవరైనను తలతురు. జరిగినది అందుకు విరుద్ధము. ఒక జాతి ఆల్చిప్పలు అడ్డు లేక విజృంభించి రాతినెల్ల ఆక్రమించుకొని, తక్కినవానికి నిలువ నీడ లేకుండ చేసినవి. పదునైదు జాతులుండిన తావున ఎనిమిది మిగిలినవి. బలవంతుడైన ఒక జాతి తక్కినవారిని తొక్కివేయకుండ కాచుచుండినది ఆ మాంసాహారియే.

ఈ సత్యమును చూచుటకు అమెరికాకు పోనక్కరలేదు. మన గోదావరి, కృష్ణ డెల్టాల వరిపొలములే చాలును. పందికొక్కు కోతకు వచ్చిన వెన్నులను కొరికి కిలోలకొలది ధాన్యమును కలుగులలో దాచుకొనును. దానిని పట్టువారు జెర్రిపోతు, నాగుపాము, ముంగిస, గుడ్లగూబ, నక్క. జెర్రిపోతునకు విషము లేదు. అయినను పాము కనబడిన చంపుట మన యలవాటు. గుడ్లగూబ కూసిన అపశకునమని రాళ్లు రువ్వుదుము. ఇట్లు కూలివాండ్రనెల్ల తరిమివేసి, ఆపైని ఎలుకలమందునకు డబ్బు పోయుచున్నాము. కప్పల విషయమున దేశము మొత్తము ఈ పాఠమును ఒకసారి నేర్చుకొన్నది. కప్పకాళ్లను విదేశములకు ఎగుమతి చేసి విదేశీద్రవ్యము గడించుచుండిన భారతప్రభుత్వము, పొలములలో పురుగులను తిను కప్పలు కరవగుటవలని నష్టము గుర్తించి, 1987లో ఆ వ్యాపారమును నిషేధించెను. నేడు వ్యవసాయశాఖవారు పొలములో పక్షులు వ్రాలుటకు కొయ్యలు పాతుమని చెప్పుచున్నారు; ఏట్రింతయు పాలపిట్టయు వానిపై గూర్చుండి పురుగులను ఏరుకొని తినును. ఖర్చు లేని ఈ సలహాను పాటించు రైతులు ఇంకను పెరుగవలసియున్నది.

అయితే మాంసాహారి పోయినచో ఏమగునో మన దేశమునకు మరువరాని విధమున నేర్పినది పులి కాదు, పాము కాదు; రాబందు. ఇది వేటాడదు, చంపదు. చచ్చినదానిని మాత్రమే తినును. రావణు నెదిరించి సీతమ్మకై ప్రాణమిచ్చిన జటాయువు జాతి యని చెప్పుకొనుచునే, శవములను పీకుకొని తినునదని మనము దానిని అసహ్యించుకొనుచు వచ్చితిమి. 1980 ప్రాంతమున మన దేశమున రాబందులు కోట్లలో నుండెను. ఊరిబయట గొడ్డు పడవైచినంతనే, ఆకసమున చుక్కలవలె కనబడు పక్షులు దిగివచ్చి, ఒకటి రెండు గంటలలో ఎముకలు మాత్రమే మిగిల్చి పోవుచుండెను. రాబందు జఠరరసము మిక్కిలి తీక్ష్ణమైన ఆమ్లము. ఇతరజంతువులను చంపు రోగక్రిములు అందులో పెక్కు నశించును. ఒక్క కాసు జీతము లేని పారిశుద్ధ్యశాఖ దేశమంతట పనిచేయుచుండెనని చెప్పవచ్చును.

1990ల చివర రాజస్థానములోని భరతపురపు పక్షికేంద్రమున రాబందులు మెడలు వ్రేలవైచి చెట్లమీద గూర్చుండి రాలిపోవుచుండుటను విభు ప్రకాశ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు గమనించి లోకమునకు తెలిపెను. కొద్దియేండ్లలోనే ఉత్తరభారతమెల్ల ఆ వార్తయే. ఏదో వైరసు వ్యాధి యని మొదట తలచిరి. తుదకు కారణమును కనుగొన్నది పాకిస్తానములో పరిశోధించిన లిండ్సే ఓక్స్ బృందము. 2004లో వారు ప్రకటించిన సంగతి విని శాస్త్రజ్ఞులు నివ్వెరపోయిరి. పశువులకు నొప్పి తగ్గుటకు వాడు డైక్లోఫెనాక్ అను మందే ఆ పక్షుల మృత్యువు. ఆ మందు పుచ్చుకొన్న కొలదిదినములలో చచ్చిన పశువును తినిన రాబందుకు మూత్రపిండములు చెడి, యూరిక్ ఆమ్లము సుద్దవలె గుండెమీదను కాలేయముమీదను పేరుకొని, కొన్ని దినములలోనే ప్రాణము పోవును. తెల్లవీపు రాబందుల సంఖ్య 1992కును 2007కును నడుమ వేయింటికి ఒకటిగా దిగిపోయినది.

ఒక మందు ఇంత వేగముగా ఒక జాతినెట్లు తుడిచిపెట్టగలిగినది? నూరు కళేబరములలో ఒక్కదానియందు విషమున్నను ఈ వినాశము జరుగునని, నిజమునకు అంతకంటె తక్కువ యున్నను చాలునని లెక్కలు తేల్చినవి. ఏలయనగా ఒక్క కళేబరము చుట్టు పదులకొలది రాబందులు చేరును. కాబట్టి ఒక్క విషపు గొడ్డు ఒక మందను కూల్చును. ఇక పుట్టుక చూడుడు: రాబందు ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును, పిల్ల యీడేరుటకు ఐదేండ్లు పట్టును. చిరకాలము బ్రతికి కొలదిగా కనుట పైమెట్టు జంతువుల స్వభావము. అట్టి జాతికి ఒక్కమారు తగిలిన దెబ్బ తీరుటకు తరములు పట్టును.

తరువాత జరిగినది మనుష్యుల కథ. గొడ్లు ఊరిబయట క్రుళ్లుచు పడియుండెను; ఆ మాంసమునకు రాబందు స్థానమున కుక్కలు చేరెను. కుక్కలు రాబందువలె వేగముగా శుభ్రము చేయజాలవు. పైగా వాని సంఖ్య పెరిగిన కొలది పిచ్చికుక్కకాటు పెరుగును. కళేబరములు చెరువులలోను కాలువలలోను పడి నీరు చెడెను. రాబందులు మెండుగా నుండిన జిల్లాలను, మొదటినుండి కొలదిగా నుండిన జిల్లాలతో పోల్చి ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2000 నుండి 2005 వరకు గల కాలములోనే ఈ పక్షుల లేమివలన సుమారు ఐదు లక్షలమంది అదనముగా మరణించిరి. ముంబయిలోని పారసీలు తమ మృతులను రాబందుల కర్పించు తరతరాల సంప్రదాయమునకు సహితము విఘాతము కలిగినది. అసహ్యించుకొన్న ఒక పక్షి మన యిండ్లకు చేసిన కాపలా ఎట్టిదో, అది పోయిన తరువాత గాని మనకు తెలియలేదు.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ ఇచ్చుటను ప్రభుత్వము నిషేధించినది. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయక పశువుల నొప్పిని తగ్గించునని పరీక్షలలో తేలినది. హర్యానాలోని పింజోరు మొదలుగా కొన్ని చోట్ల, మన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయందును, రాబందులను పెంచి సంఖ్య వృద్ధిచేయు ప్రయత్నము జరుగుచున్నది. తెలంగాణములో ప్రాణహిత యొడ్డున బెజ్జూరు అడవులలోని పాలరాపుగుట్ట కొండచరియమీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకొని యుండుట 2013లో వెల్లడియైనది. అట్టివి తెలుగుసీమకు అమూల్యమైన సంపద.

మాంసాహారులవలన మనుష్యులకు కీడే లేదని చెప్పుట అసత్యము. 2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక పసిబిడ్డ ప్రాణము తీసినది. ఆ తల్లిదండ్రులకు ఆహారశృంఖలను గూర్చి పాఠము చెప్పబూనుట కంటె నిర్దయ వేరొకటి లేదు. నల్లమల అంచు పల్లెలలో పాడిగేదెను పులికి కోల్పోయిన పేదవాని దుఃఖమును తక్కువ చేయరాదు. భయమున్నచోట వెలుతురు, కంచె, గుంపుగా నడచు నియమము, ఊరిచుట్టు చెత్తయు వీథికుక్కలును చేరకుండు శుభ్రత కావలెను. ఏలయనగా చిరుతను ఊరికి రప్పించునది ఆ చెత్త చుట్టు చేరిన కుక్కలును పందులునే. పశువును కోల్పోయినవానికి అటవీశాఖ ఇచ్చు పరిహారము నెలలు జాగు కాక దినములలో చేతికి అందవలెను. అది అందనినాడు, కడుపుమండినవాడు చచ్చిన గేదె దేహములో పురుగులమందు కలుపును. ఆ విషము తినుటకు ఏ పులి తప్పు చేసినదో ఆ పులి యొక్కటే రాదు. దారిన పోవు నక్కయు, కూనలతో వచ్చిన మరియొక పులియు, ఆకసమునుండి దిగిన చివరి రాబందులును దానిని తినును.

కాబట్టి పల్లెలలో పశువులు గల పాఠకులకు ఒక విన్నపము. మీ యావునకో గేదెకో నొప్పియు జ్వరమును కలిగినప్పుడు, పశువైద్యుని అడిగి మెలాక్సికామ్ వాడించుడు. డైక్లోఫెనాక్ ఎవరైనను దొంగచాటుగా అమ్మజూపిన తీసికొనకుడు. పశువు దేహములో డైక్లోఫెనాక్‌గానే మారు ఎసిక్లోఫెనాక్‌ను, రాబందులకు ప్రాణాంతకమగు కీటోప్రోఫెన్‌ను కూడ పశువులకు వాడరాదని ప్రభుత్వము 2023లో నిషేధించినది. చచ్చిన పశువు దేహముపై పురుగులమందు చల్లకుడు, చల్లువారిని వారింపుడు. పులి చంపిన పశువైనచో దానిని ముట్టక వెంటనే అటవీశాఖ వారికి తెలియజేయుడు.